మా బామ్మర్ది కాలేయం, నా పచ్చ మాత్రలు

మా బామ్మర్ది కళ్లు పచ్చబడ్డాయని మొదట కనిపెట్టింది నా భార్య. దసరా అయిన తర్వాత ఒక ఆదివారం వాడు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు మా ఇంటికి వచ్చి, వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. ఎండ నేరుగా ముఖం మీద పడింది. నా భార్య చేతిలోని చెంబు పక్కన పెట్టి, తమ్ముడి కింది రెప్ప వేలితో లాగి చూసి, ఇవి కామెర్లు అంది. రాతి దుమ్ము అక్కా అని వాడు నవ్వాడు. ఆ రోజు నా డైరీలో అంతే ఉంది: అక్క కామెర్లంది, తమ్ముడు దుమ్మన్నాడు.

డైరీ రాయడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. కాలువల శాఖలో పనిచేసినన్నాళ్లూ పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి నీటిమట్టం చూసి రాసుకునేవాణ్ణి. పదవీ విరమణ తర్వాత రాయడానికి కాలువ లేదు కనుక ఇంట్లో వాళ్లను రాయడం మొదలుపెట్టాను. ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చింది, ఏ మందు వాడారు, ఎన్ని రోజులకు తగ్గింది, అన్నీ ఉంటాయి. ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా నా భార్య నా వైపు చూసి, రాసుకో అంటుంది.

మా బామ్మర్ది శిల్పి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పశాలల్లో నల్లరాయి చెక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇప్పుడు రాయిని ముప్పాతిక వంతు మిషనే కోస్తుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి మిషను ఆపి ఉలి తీస్తారు. ఆ ఉలి పట్టుకోవడానికి మా బామ్మర్దిని పక్క శిల్పశాలల వాళ్లు కూడా పిలిచేవారు. రెప్ప కింద వెంట్రుకవాసి ఎక్కువ చెక్కితే చూపు మారిపోతుందట. ఆరునెలలు చేసిన విగ్రహం ఆ ఒక్క దెబ్బతో పనికిరాకుండా పోతుంది. వాడు ఆ దెబ్బ కొట్టేటప్పుడు చుట్టూ పనిచేసేవాళ్లు సుత్తులు ఆపడం నేను చూశాను. ఎవరూ ఆపమని చెప్పరు. ఆగుతారంతే.

అలాంటివాడు తాగుతాడు. సాయంత్రం తాగేవాడని మాకు తెలుసు. పొద్దున కూడా తాగుతున్నాడని ఆస్పత్రిలోనే తెలిసింది.

కామెర్లకు పసరు పోయించాలని నా భార్య అంది. నేను ఒప్పుకోలేదు. మరునాడే నంద్యాలలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. పొట్ట నొక్కి చూసి, స్కానింగూ రక్తపరీక్షలూ చేయించి, ఆమె వాణ్ణే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. తాగుడు వల్ల కాలేయం చెడింది, పొట్టలో నీళ్లు చేరుతున్నాయి, ఇప్పుడు పూర్తిగా మానితే కోలుకునే అవకాశం ఉంది, మానకపోతే నేనిచ్చే మందులేవీ నిన్ను కాపాడలేవు. రోజుకు ఎంత తాగుతావని అడిగింది. వాడు తల వంచుకుని, చేతులు చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"పొద్దున్నే రెండు మూతలు ఏసుకుంటే గానీ ఈ చేతులు నిలబడవు మేడం. నిలబడకపోతే నా పని లేదు."

ముప్పై ఏళ్లుగా అందరం మెచ్చుకున్న ఆ చేతులు దేని మీద నిలబడ్డాయో ఆ గదిలో అర్థమైంది. తాగుడు ఒక్కసారిగా ఇంట్లో మాన్పిస్తే ఫిట్స్ రావచ్చని, మతి తప్పవచ్చని చెప్పి ఆమె అయిదు రోజులు ఆస్పత్రిలోనే ఉంచింది. రెండో రాత్రి వాడు మంచం మీద లేని ఉలి కోసం వెతికాడు. అయిదో రోజుకు చేతులు కుదురుకున్నాయి. ఉప్పు తగ్గించమని, పస్తులుండొద్దని, పప్పూ పెరుగూ గుడ్లూ బాగా తినమని, నీళ్లు పోయే మాత్రలూ ఇంకొన్ని విటమిన్లూ రాసి పంపింది.

ఇక్కడే నేనొక పని చేశాను. నా భార్యకు అంతకు రెండేళ్ల క్రితం కాలేయంలో కొవ్వు ఉందని స్కానింగులో తేలింది. ఆమె పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క తాగలేదు. ఆమెను చూసిన డాక్టరు బరువు తగ్గమని చెప్పి, విటమిన్ ఇ మాత్రలు రాశాడు. ఆకుపచ్చగా, మెత్తగా, వెలుతురుకు పట్టి చూస్తే లోపల నూనె కనిపించే మాత్రలు. ఆమె రిపోర్టు బాగుపడింది. తేదీలతో సహా నా డైరీలో ఉంది. ఆమెదీ కాలేయమే, వాడిదీ కాలేయమే. డాక్టరమ్మ మరిచిపోయిందేమో అనుకున్నాను. అడగలేదు. మందుల షాపులో ఒక డబ్బా కొని వాడి సంచిలో పెట్టి, మధ్యాహ్నం భోజనం కాగానే రోజుకొకటి అని చెప్పాను. నెలకొకటి చొప్పున ముప్పై గళ్ల కాగితాలు గీసి వాడి భార్యకిచ్చి, మాత్ర మింగగానే టిక్కు పెట్టమన్నాను.

వాడి భార్యకు నా మాత్రల మీద ఎంత నమ్మకమో గానీ, ఆమె నమ్మింది ఇంకొకటి ఉంది. కార్తీకమాసం వస్తోంది. మాల వేసుకోమంది. మా వైపు ఎంత తాగేవాడైనా అయ్యప్పమాల వేసుకున్న నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. ఇంటి ఆడవాళ్లకు ఏడాదిలో ప్రశాంతంగా గడిచే రోజులు అవే. డాక్టరమ్మ కొండ ఎక్కొద్దని, ఒంటిపూట భోజనాలు కుదరవని గట్టిగా చెప్పింది. మాల వేసే గురుస్వామి నెమ్మదస్తుడు. రోగం ఉన్నవాడికి స్వామే సడలింపు ఇస్తాడని, మూడు పూటలా తినమని, మాల ఇక్కడి గుళ్లోనే తీద్దామని అన్నాడు. గుడ్లు కుదరవు కనుక వాడి భార్య పెసలూ పాలూ పెరుగూ పెంచింది.

మాల వేసుకున్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. చిన్నప్పుడు నా సైకిలు ముందు కడ్డీ మీద కూర్చున్నవాణ్ణి నేను కూడా స్వామీ అనవలసి వచ్చింది. మొదటి రోజు ఫోను చేసి, స్వామీ మాత్ర వేసుకున్నారా అని అడిగాను.

"ఏసుకున్యా స్వామీ. ఇన్నేళ్లకు నీ నోట మర్యాద వినపడింది. నలభై దినాలేనా ఈ భాగ్యం?"

ప్రతి ఆదివారం పొద్దున బస్సులో ఆళ్లగడ్డకు పోయేవాణ్ణి. టిఫిను తినకముందు వాణ్ణి నిలబెట్టి, బొడ్డు మీదుగా టైలరు టేపు చుట్టి కొలత తీసుకునేవాణ్ణి. నీటిమట్టం కొలిచిన చేతికి అది కొత్త పనేం కాదు. మొదటి వారం నలభై రెండు అంగుళాలు. రెండో వారం నలభై ఒకటి. మాల సగం అయ్యేసరికి ముప్పై ఎనిమిదిన్నర. కళ్లు తెల్లబడ్డాయి. కాళ్ల వాపు పోయింది. ముప్పయ్యో రోజున నల్లబట్టల్లోనే కూర్చుని ఒక అమ్మవారి పెదవి చెక్కాడు. పొద్దున రెండు మూతలు లేకుండా, వణకని చేతులతో. నేను పక్కన బండ మీద కూర్చుని చూశాను. చుట్టూ సుత్తులు ఆగాయి.

ఆ రాత్రి డైరీలో, మాత్ర బ్రహ్మాండంగా పనిచేస్తోంది అని రాశాను. రాసి ఊరుకోలేదు. పెన్షన్ల ఆఫీసు దగ్గర కలిసిన పాత స్నేహితులకు చెప్పాను. పెళ్లిలో పక్క విస్తరి వాళ్లకు చెప్పాను. తాగేవాళ్ల ఇళ్లకు మాత్ర పేరు చీటీ మీద రాసిచ్చాను. కాలువ మీద మేస్త్రీలు కూడా నా మాట ఇంత శ్రద్ధగా వినలేదు.

నలభై ఒకటో రోజున గుళ్లో మాల తీశారు. వారానికి కొలత మారలేదు. రెండు వారాలకు ఒక అంగుళం పెరిగింది. మూడో వారం ఇంకొకటి. కాగితం చూశాను. టిక్కులన్నీ ఉన్నాయి. ఒక్క గడి ఖాళీ లేదు. వాణ్ణి అనుమానించడం నాకు తోచలేదు, మాత్రను అనుమానించాను. నకిలీ సరుకేమో అని షాపు మార్చాను. తర్వాతి వారం కూడా టేపు తగ్గకపోతే రోజుకు రెండు వేసుకోమన్నాను. వాడు నా ముఖం వైపు చూడకుండా సరే బావా అన్నాడు. వాడి భార్య వంటింటి గడపలో నిలబడి ఏదో చెప్పబోయి, వాడు అటు తిరగ్గానే లోపలికి వెళ్లిపోయింది. అది కూడా ఆ రోజు డైరీలో రాసుకున్నాను, అర్థం కాకుండానే.

కళ్లల్లో మళ్లీ పసుపు కనిపించాక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. నా లెక్క తప్పు కాదని చూపించాలని డైరీ కూడా తీసుకుపోయాను. ఆమె విసుక్కుంటుందనుకున్నాను. విసుక్కోలేదు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. బయట రోగులు నిండి ఉన్నారు. అయినా పది నిమిషాలు ఆ పేజీల మీదే ఉంది. ఒకచోట వేలు పెట్టి, ఈ రోజు ఏం జరిగిందని అడిగింది.

మాల తీసిన రోజు అన్నాను.

"దీని ముందు మాత్ర వేసుకున్నాడు, కొలత తగ్గింది. దీని తర్వాత కూడా మాత్ర వేసుకున్నాడు, కొలత పెరిగింది. మాత్ర మానిన రోజు ఒక్కటైనా ఉందాండీ ఇందులో?"

లేదన్నాను.

"అయితే తగ్గించింది మాత్ర కాదు కదా. మీరే ఇంత వివరంగా రాశారు. మీరే చదవలేదు."

ఉద్యోగంలో ఒక్క రోజు తప్పు మట్టం రాయని మనిషిని నేను. అంకెలన్నీ సరిగ్గానే రాశాను. రాసినదాన్ని ఎదురుగా పెట్టుకుని తప్పు చదివాను. ఆమె ఆ మాట అన్న తీరులో ఎగతాళి లేదు. ఆ మాత్ర తాగుడు వల్ల కాకుండా కొవ్వు చేరి చెడిన కాలేయానికి, అది కూడా కొందరికే, డాక్టర్లు చూసి ఇస్తారని, తాగుడు వల్ల చెడిన కాలేయాన్ని బాగుచేస్తుందని రుజువు కాలేదని విడమరిచి చెప్పింది. ఎక్కువ మోతాదులో రక్తం కారే ప్రమాదం ఉందని, కాలేయం చెడినవాళ్లలో రక్తం గడ్డకట్టడం ముందే తక్కువని, రెండు మాత్రలు ఇచ్చినందుకు మాత్రం నన్ను మందలించింది. తర్వాత మా బామ్మర్ది వైపు తిరిగి, మీరు చెప్పండి అంది.

వాడు చాలాసేపు బల్ల అంచు వేలితో తడిమాడు, రాయి నునుపు చూసినట్టు.

"మాల తీసిన మూడో దినం నుంచి తాగుతాండా మేడం. ముందంత కాదు. మా బావ మాత్ర ఉంది గదా, అదే కాపలా కాస్తాది లే అనుకున్యా. టిక్కు పడినాక క్వార్టరు తెచ్చుకుంటాంటి."

నేను గీసిన గడులు వాడికి అనుమతి పత్రాలయ్యాయన్నమాట. సంజాయిషీగా ఏదో అనబోయాను. వాడే నా చేయి పట్టుకున్నాడు.

"నువ్వు తాగేదానికి పొమ్మని చెప్పలేదు బావా. నేనే పోయినా."

తాగినవాడు ఇంత నిక్కచ్చిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. వాడికి మా అందరి మీదా తప్పు తోసే వీలుంది, తోయలేదు. వాడి మీద నాకు గౌరవం మొదలైంది అక్కడే. చెక్కడం చూసి కలిగింది వేరు.

మళ్లీ అయిదు రోజులు ఆస్పత్రి. ఇంటికి వచ్చిన రోజు అందరం కూర్చున్నాం. వాడి భార్య గురుస్వామితో మాట్లాడి వచ్చింది. ఎప్పుడు కావాలన్నా మళ్లీ మాల వేస్తానన్నాడట. నా భార్య కూడా వేయించమంది. నాకు కూడా అదే సబబనిపించింది. వాడు ఒప్పుకోలేదు.

"మాల ఏస్తే స్వామి తాగడు. తీస్తే నేను తాగుతా. స్వామి యాడికీ పోడు గానీ, ఈ తూరి నేనే తాగకుండా ఉండాల."

"అంత గట్టోనివా నువ్వు?" అంది అక్క.

"కాదు గాబట్టే అందరిముందర చెప్తాండా."

చెప్పడమే కాదు, తన రోజును శిల్పం చెక్కినట్టు గీతలు గీసుకుని కోసుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి శిల్పశాలల్లో పని దిగుతుంది. ఉలులు సంచిలో వేసుకుని మనుషులు గుంపుగా రోడ్డెక్కుతారు. తాగేది ఆ గుంపులోనే. వాడు ఆ నాలుగింటికి కొలిమి ముట్టించడం మొదలుపెట్టాడు. రాయి మీద పనిచేసిన ఉలి మొన రోజూ అరిగిపోతుంది. దాన్ని కాల్చి, కొట్టి, నీళ్లలో ముంచి మళ్లీ పదును ఎక్కించాలి. ఎవరి ఉలులు వాళ్లే తిప్పలుపడి పదును పెట్టుకునేవారు. మీ ఉలులన్నీ నాకిచ్చి పోండి, పొద్దున్నే పదునుగా ఇస్తానని వాడు అందరికీ చెప్పాడు. ఆరున్నర దాకా కొలిమి దగ్గరే. అంత చేయి తిరిగిన శిల్పి ఊరందరి ఉలులకూ పదును పెడుతున్నాడని కొందరు నవ్వారు. ఏందప్పా, కమ్మరోనివైతివే అన్నారట. పొద్దున వాళ్ల ఉలులు వెన్న కోసినట్టు కోసేసరికి నవ్వు ఆగింది. వైను షాపు దగ్గర వాడి కోసం అట్టిపెట్టే చోటు కూడా కొన్నాళ్లకు పోయింది.

ఆరున్నరకు నాకు ఫోను చేస్తాడు. మాత్రల గడులు తీసేశాను. డైరీలో ఇప్పుడు ఒక్కటే మాట రాస్తాను, వాడు చెప్పింది. లేదు బావా అంటాడు, పెట్టేస్తాడు. అరవై మూడు రోజులు వరుసగా అదే మాట. అరవై నాలుగో రోజున ఏడయింది, ఏడున్నరయింది. నా భార్య రెండుసార్లు వరండాలోకి వచ్చి చూసింది. ఎనిమిదింటికి ఫోను మోగింది.

"తాగినా బావా. చిన్నాయన కొడుకు పెండ్లి. రాసుకో."

రాయలేనన్నాను. రాయాల్సిందే అన్నాడు. ఇది రాయకపోతే, రేపు నేను లేదంటే ఆ రాతకు విలువేముంది అని అడిగాడు. రాశాను. మరునాడు పొద్దున తనంతట తానే బస్సెక్కి డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు. చెప్పకుండా దాచేవాళ్లను చూసి చూసి ఉన్న ఆమె, ఆ రోజు వాడికి ఫీజు తీసుకోకుండా టీ తెప్పించిందని కాంపౌండరు నాతో చెప్పాడు. ఆ తర్వాత ఈ రోజు దాకా ఒకే మాట, లేదు బావా. పదమూడు నెలలైంది. టేపు ముప్పై అయిదు దగ్గర నిలబడింది. కాలేయంలో పడిన మచ్చలు పూర్తిగా పోవని, అయినా మిగిలింది పనిచేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. ఆమె ఒట్టి ఆశలు పెట్టే మనిషి కాదు కనుక ఆ మాటకు నా భార్య గుళ్లో కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

మాత్ర గురించి చీటీలు రాసిచ్చిన ఇళ్లన్నిటికీ తిరిగాను. కొందరు తలుపు దగ్గరే నవ్వి పంపారు. కొందరు, మీరే గదన్నా చెప్పింది అని ఎదురు తగులుకున్నారు. నిజమే కనుక నిలబడి విన్నాను.

పోయిన నెలలో ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. బేతంచెర్ల బండల లారీ నడుపుతాడు. నలభై ఏళ్లుంటాయేమో, కళ్లు పచ్చగా ఉన్నాయి. ఎవరి దగ్గరో నా చీటీ చూశాడట. పచ్చ మాత్ర పేరు రాసివ్వమన్నాడు. జరిగింది చెప్పాను, నమ్మలేదు. నా ఒక్కడి మాట మీద వచ్చినవాణ్ణి నా ఒక్కడి మాటతో వెనక్కి పంపలేనని తెలిసి, ఆళ్లగడ్డకు తీసుకుపోయాను.

మా బామ్మర్ది కొలిమి దగ్గర ఉన్నాడు. కొత్తాయన బండ మీద కూర్చుని మాత్ర పేరు అడిగాడు.

"పేరు మా బావ నడుగు, అచ్చరం తప్పు లేకుండా రాసిస్తాడు. తాగేది ఎప్పుడు నిలబెడతావో అది నాకు చెప్పు."

ఆయన తన చేతులు చాపి చూసుకున్నాడు. 

"మానితే ఇవి వణుకుతాయంట గదన్నా. స్టీరింగు పట్టుకోవాల నేను."

"వణుకుతాయి. అయిదు దినాలు ఆస్పత్రిలో పండుకుంటే నిలబడతాయి. మంచం మింద ల్యాని ఉలి ఎతుక్కున్యా నేను, నువ్వు గేరు ఎతుక్కుంటావ్. భయం ల్యా."

"ఇంటికాడ ఎవురూ లేరన్నా ఎంట ఉండేదానికి."

మా బామ్మర్ది పట్టుకారులో ఉన్న ఉలిని నీళ్లలో ముంచాడు. ఆవిరి తగ్గేదాకా దాన్నే చూశాడు.

"నేను వస్తా" అన్నాడు. "పొద్దున ఆరింటి బస్సుకు పోదాం."

చెక్కాల్సిన విగ్రహం ముఖం ఒకటి వాడి కోసం ఆగి ఉంది. ఆ శిల్పశాల యజమానికి ఫోను చేసి వారం రోజులు ఆగమన్నాడు. యజమాని ఏమన్నాడో నాకు వినపడలేదు. ముఖం యాడికీ పోదులే అన్నా అని మా బామ్మర్ది ఇటు నుంచి చెప్పడం మాత్రం విన్నాను.

ఆ అయిదు రోజులూ వాడు ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నాడు. మా ఇంటి నుంచి రెండు పూటలా నా భార్య ఇద్దరికీ ఉప్పు తక్కువ కూరలతో క్యారియరు పంపింది. రెండో రోజు సాయంత్రం ఏడింటికి నేను పోయేసరికి లారీ ఆయన ఒళ్లంతా చెమటతో, గోడ వైపు చూసి ఎవరినో తిడుతున్నాడు. మా బామ్మర్ది ఆయన రెండు మణికట్లూ తన చేతుల్లో పట్టుకుని ఉన్నాడు, గట్టిగా కాదు. వదులుగానూ కాదు. నన్ను చూసి, ఫోను చేయలేదని గుర్తొచ్చి, అక్కడి నుంచే ఆ పూట మాట చెప్పాడు. లేదు బావా.